అంకెలు మిగిలాయి, గొంతు పోయింది: కంప్యూటర్ రేడియో కాలం నాటి ఆడియో ఫైళ్ల కథ

ఈసారి పోస్టులో ఎరువుల గురించి లేదు, రేట్ల గురించి లేదు. పైగా పొడుగు కూడా ఎక్కువే. తీరిక ఉన్నవాళ్లు ఇప్పుడే చదవండి, లేనివాళ్లు దాచుకుని మోటారు దగ్గర కరెంటు కోసం కూర్చున్నప్పుడు చదువుకోండి.

మీ ఇంట్లో బీరువా అడుగునో, టీవీ కింద సొరుగులోనో ఒక పాత సీడీ, ఒక మెమరీ కార్డు, బ్యాటరీ ఉబ్బిన కీప్యాడ్ ఫోన్ ఉండే ఉంటాయి. వాటిల్లో ఏదో ఒక గొంతు ఉంటుంది. నాట్లప్పుడు ఆడవాళ్లు పాడిన పాటో, జాతరలో బుర్రకథో, ఇప్పుడు లేని పెద్దాయన మాటో. దాన్ని ఇప్పుడు తీసి కంప్యూటర్లో పెడితే ఒక్కోసారి ఈ ఫైలు తెరవడం కుదరదు అంటుంది. ఫైలు పోలేదు. సైజు చూపిస్తోంది, తారీఖు చూపిస్తోంది. వినపడదు, అంతే.

క్యాసెట్టు అయితే రీలు నలిగింది, బూజు పట్టింది అనుకుంటాం. ఇక్కడ ఏమీ నలగలేదు. మరి గొంతు ఎక్కడికి పోయింది? ఇది అర్థం కావాలంటే ముప్పై అయిదేళ్లు వెనక్కి వెళ్లాలి. కంప్యూటర్‌కి గొంతు ఇచ్చిన కార్డులు, దానికి రేడియో పట్టించిన కార్డులు, ఆ తర్వాత కంప్యూటరే రేడియో అయిపోయిన రోజులు, ఈ మూడింటి కథ ఇది.

ముందు ఒక్క మాట తేల్చుకుందాం. గొంతు కంప్యూటర్లోకి ఎలా వెళ్తుంది?

కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లకి లస్కరు తెలుసు. తూము దగ్గర గేజి చూసి నీటిమట్టం ఎంతుందో పుస్తకంలో రాస్తాడు. కంప్యూటర్ చేసేదీ అదే. గొంతు అంటే గాలిలో లేచి పడే అల. ఆ అల ఎత్తుని వరసగా కొలిచి అంకెల్లో రాసుకుంటుంది. లస్కరు రోజుకి రెండు మూడు సార్లు రాస్తే, కంప్యూటర్ సెకనుకి 8,000 సార్లు రాస్తుంది. సీడీ పాటకైతే సెకనుకి 44,100 సార్లు. తిరిగి వినిపించేటప్పుడు ఆ అంకెలు చూసి స్పీకర్‌ని అలాగే ముందుకీ వెనక్కీ కదిలిస్తుంది.

ఇప్పుడు ఆ గేజి పుస్తకం మీ చేతికి దొరికింది అనుకోండి. లోపల అన్నీ అంకెలే. గళ్లపైన పేర్లు లేవు. ఆ అంకె అడుగులా, మీటర్లా? గంటకోసారి రాసిందా, పూటకోసారి రాసిందా? అది తెలియకపోతే పుస్తకం మొత్తం ఉన్నా లేనట్టే. ఆ గళ్ల పేర్లు, రాసే పద్ధతి, వీటినే ఫైలు ఫార్మాట్ అంటారు. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఉండే రెండు మూడు అక్షరాలు దాని గుర్తు.

1980ల్లో ఐబీఎం పీసీ రకం కంప్యూటర్లకి గొంతు లేదు. బీప్ అనే చిన్న స్పీకర్ ఒక్కటే. 1987 ప్రాంతంలో కెనడాలోని క్యూబెక్ నుంచి ఆడ్‌లిబ్ అనే కార్డు వచ్చింది. దాన్ని పెట్టిన మార్టిన్ ప్రెవెల్ అంతకుముందు సంగీతం ప్రొఫెసర్. కార్డు మీద యమహా చిప్పు ఉండేది. అది చప్పుడు పుట్టించే పద్ధతి పేరు ఎఫ్ఎం. మనం ఎఫ్ఎం అంటే రేడియో అనుకుంటాం, కానీ అది రేడియో కాదు. ఒక అలతో ఇంకో అలని ఊపి వాయిద్యం లాంటి చప్పుడు పుట్టించే పద్ధతికి కూడా అదే పేరు. పాత కార్డుల గురించి చదివేటప్పుడు చాలామంది ఇక్కడే తికమక పడతారు.

ఆడ్‌లిబ్ కార్డుకి రికార్డు చేసిన గొంతు వినిపించడం రాదు. దాని ఫైలు పేరు ఆర్ఓఎల్. అందులో ఉండేది పాట కాదు, ఏ స్వరం ఎంతసేపు అని రాసిన కాగితం లాంటిది. వాయించే చిప్పు ఉంటేనే పాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

1989లో సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది. దాన్ని స్థాపించిన సిమ్ వాంగ్ హూ 1981లో కంప్యూటర్లు రిపేరు చేసే చిన్న దుకాణంతో మొదలుపెట్టినవాడు. నోటి హార్మోనికా వాయించేవాడు కూడా. 2023 జనవరిలో కాలం చేశాడు. సౌండ్ బ్లాస్టర్ ఆడ్‌లిబ్ చేసే పనంతా చేసేది, దానికి తోడు మైకులోంచి మనిషి గొంతుని లోపలికి తీసుకుని మళ్లీ వినిపించేది. ఒక్కో కొలతకి ఒక బైటు, అంటే 0 నుంచి 255 దాకా మాత్రమే మెట్లు. నాణ్యత పాత టెలిఫోన్‌కి ఒక మెట్టు పైన. అయినా ఆ రోజుల్లో అది పెద్ద వింత. 1992లో ఆడ్‌లిబ్ దివాలా తీసింది.

సౌండ్ బ్లాస్టర్ తన గొంతుని దాచుకున్న ఫైలు పేరు వీఓసీ. ఆ ఫైలు తెరిస్తే మొదట్లోనే క్రియేటివ్ వాయిస్ ఫైల్ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. తర్వాత ముక్కలు ముక్కలుగా సమాచారం. ఒక ముక్కలో గొంతు. ఇంకో ముక్కలో మౌనం. మాటకీ మాటకీ మధ్య ఎవరూ మాట్లాడని సమయం ఉంటుంది కదా, దానికి వేల అంకెలు రాయడం దండగ అని, ఇంతసేపు చప్పుడు లేదు అని ఒక్క ముక్కలో రాసేవారు. ఇంకో ముక్క ఈ భాగాన్ని ఇన్నిసార్లు తిప్పి వినిపించు అంటుంది. మాటలు రాసుకోవడానికి కూడా ఒక ముక్క ఉంది. అంటే ఎవరి గొంతు, ఏ ఊరు, ఎప్పుడు అని ఫైలు లోపలే రాసి పెట్టుకునే వీలు ఆనాడే ఉంది.

ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఒకటి ఉంది. సెకనుకి ఎన్నిసార్లు కొలిచారో వీఓసీ ఫైల్లో నేరుగా రాయరు. 8,000 సార్లు అయితే అక్కడ 131 అని ఉంటుంది. ఎందుకంటే పది లక్షలని 8,000తో భాగిస్తే 125, దాన్ని 256 లోంచి తీసేస్తే 131. ఆ లెక్క కార్డు మీద ఉన్న చిప్పుకి కావలసిన లెక్క. మనిషికి అర్థం కావాలని రాసింది కాదు, చిప్పు నోట్లో నేరుగా పెట్టేందుకు రాసింది. దీనివల్ల కొన్ని వేగాలు సరిగ్గా రాయడమే కుదరదు. 11,025 అని రాయాలంటే 10,989 దగ్గరో 11,111 దగ్గరో ఆగిపోవాలి. లస్కరు తన గేజి కర్రకి సరిపోయేలా పుస్తకం గళ్లు గీసుకున్నట్టు. కర్ర మారితే పుస్తకం ఎవరికీ అర్థం కాదు.

స్థలం ఎంత ఇరుకో చూడండి. సెకనుకి 11,000 కొలతలు, కొలతకి ఒక బైటు అంటే 1.44 ఎంబీ ఫ్లాపీలో రెండు నిమిషాల పైచిలుకు గొంతు పడుతుంది. అందుకని క్రియేటివ్ వాళ్లు కుదింపు కూడా పెట్టారు. నీటిమట్టం ప్రతిసారీ పూర్తిగా రాయకుండా, ఇందాకటి కంటే కాస్త పెరిగింది, కాస్త తగ్గింది అని తేడా మాత్రమే రాయడం. ఫైలు సగానికి తగ్గుతుంది, ఇంకా నలిపితే పావుకి తగ్గుతుంది. అయితే మొదటి అంకె దగ్గర లెక్క తప్పితే ఆ తర్వాతవన్నీ తప్పే.

1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి వేవ్ అనే ఫార్మాట్ తెచ్చాయి. 1992లో విండోస్ 3.1 దాన్ని తనంతట తానే చదివేది. ఇక వీఓసీ కథ ముగిసినట్టే. క్రియేటివ్ కంపెనీయే తన కార్డులతో పాటు వీఓసీని వేవ్‌గా మార్చే చిన్న ప్రోగ్రాము ఇచ్చింది. కార్డు అమ్మేవాడు తన ఫార్మాట్‌కి తానే దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు. అందరూ అలా తప్పుకోరు. అది ముందు ముందు చూస్తారు.

ఇప్పుడు రేడియో కార్డులకి వద్దాం. 1990ల మధ్యలో కంప్యూటర్ లోపల స్లాటులో గుచ్చే ఎఫ్ఎం రేడియో కార్డులు వచ్చాయి. ఎయిమ్స్‌ల్యాబ్ అనే కంపెనీ రేడియోట్రాక్ పేరుతో అమ్మేది, ఇంకా కొన్ని కంపెనీలూ అమ్మేవి. కార్డు వెనక ఏరియల్ తీగ వేలాడుతూ ఉండేది. చాలా కార్డుల్లో రేడియో చప్పుడు కంప్యూటర్లోకి అంకెలుగా వెళ్లేది కాదు. కార్డు బయట ఒక రంధ్రం, అక్కడి నుంచి జానెడు వైరు, ఆ వైరు పక్కన ఉన్న సౌండు కార్డులోకి. కంప్యూటర్ చేసేది స్టేషన్ మార్చడం, చప్పుడు పెంచడం. రికార్డు చేయాలంటే సౌండు కార్డే చేయాలి. అంటే రేడియో కార్డుకి సొంత ఫార్మాట్ లేదు, సౌండు కార్డు ఏ ఫైలు రాస్తే అదే.

మన దగ్గర కూడా తర్వాత టీవీ ట్యూనర్ కార్డులు వచ్చినప్పుడు కొన్నింట్లో ఎఫ్ఎం ఉండేది. కానీ రైతుకి వాటితో ఒరిగింది తక్కువ. మన పొలం పనుల కార్యక్రమాలు వినిపించింది మీడియం వేవ్ మీద. హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్. ఎఫ్ఎం కార్డుకి అవి అందవు. మామూలు ట్రాన్సిస్టర్‌ని కంప్యూటర్ పక్కన పెట్టి పట్టుకుందామన్నా కంప్యూటర్ లోపలి కరెంటు రొద ఆ బ్యాండు మీదే గరగరమంటుంది. మోటారు స్టార్టరు దగ్గర రేడియో పెట్టినవాళ్లకి ఆ రొద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఎఫ్ఎం దొరికినవాళ్లకి ఇంకో చిక్కు. మంచి నాణ్యతలో రికార్డు చేస్తే నిమిషానికి 10 ఎంబీ పైనే. గంటకి 635 ఎంబీ, అంటే ఒక సీడీ మొత్తం. ఆనాటి చాలా కంప్యూటర్ల హార్డ్ డిస్కు మొత్తం కలిపి అంతో, దానికి రెట్టింపో. గంట రేడియో దాచుకోవాలంటే సగం ఇల్లు ఖాళీ చేయాలి. అందుకే అందరి చూపూ కుదింపు మీద పడింది. అసలు మలుపు ఇక్కడే.

దానికి ముందు ఒక మంచి మనిషి గురించి చెప్పాలి. అమెరికాలో కార్ల్ మాలముద్ అనే ఆయన 1993లో ఇంటర్నెట్ టాక్ రేడియో మొదలుపెట్టాడు. టవర్ లేదు, లైసెన్సు లేదు. ఇంటర్నెట్ కట్టిన ఇంజనీర్లతో మాట్లాడి, ఆ సంభాషణని ఫైలుగా నెట్‌లో పెట్టేవాడు. ఎవరికి కావాలంటే వాళ్లు దించుకుని వినొచ్చు. ఈ రోజు పాడ్‌కాస్ట్ అంటున్నారే, దానికి ముత్తాత అనుకోండి.

ఆయన వాడింది ఏయూ అనే ఫార్మాట్. సన్ కంపెనీ కంప్యూటర్లది. ఆ కంపెనీ 1989లో తెచ్చిన స్పార్క్‌స్టేషన్‌లో గొంతు కోసం పెట్టింది టెలిఫోన్‌కి వాడే చిప్పు. కాబట్టి ఆ ఫైల్లో ఉండేది కూడా టెలిఫోన్ లెక్కే. సెకనుకి 8,000 కొలతలు, కొలతకి ఒక బైటు. ఆ లెక్క పేరు మ్యూ-లా. అమెరికా, జపాన్ ఫోన్లలో అది వాడేవారు. మన దేశంలోనూ ఇంకా చాలా చోట్లా దాని దాయాది ఏ-లా.

మ్యూ-లా తెలివి చెబితే మీకు నచ్చుతుంది. మెల్లని చప్పుడుని కంసాలి త్రాసులో తూస్తుంది, పెద్ద చప్పుడుని ధాన్యం కాటా మీద తూస్తుంది. బస్తా దగ్గర రెండు గ్రాములు అటూ ఇటూ అయినా ఎవడూ పట్టించుకోడు, బంగారం దగ్గర పట్టించుకుంటాడు. మన చెవి కూడా అంతే. గుసగుసలో తేడా పడుతుంది, అరుపులో పట్టదు. దాంతో 256 మెట్లతోనే అంతకు ఎన్నో రెట్లు మెట్లు ఉన్నంత స్పష్టత వస్తుంది.

లెక్క చూడండి. అరగంట కార్యక్రమం అంటే 1,800 సెకన్లు. సెకనుకి 8,000 బైట్లు. మొత్తం 14.4 ఎంబీ. ఆనాటి 14.4 మోడెం మీద ఫోన్ లైను పెట్టి దించుకుంటే రెండుంపావు గంటలు. అరగంట వినడానికి రెండు గంటలు ఎదురుచూపు! అందుకే మొదట్లో విన్నవాళ్లంతా పెద్ద లైన్లు ఉన్న కాలేజీలు, కంపెనీల్లో ఉన్నవాళ్లే.

కానీ ఏయూ ఫైలు తలభాగం చాలా చిన్నది. 24 బైట్లు. సెకనుకి ఎన్ని కొలతలు, ఏ లెక్క, ఎన్ని చానళ్లు, అంతే. ఆ వివరాలు అందరికీ తెలిసేలా అచ్చయి ఉన్నాయి. అందుకే సన్ కంపెనీ 2010లో ఒరాకిల్‌కి అమ్ముడుపోయినా ఆ ఫైళ్లు ఇప్పటికీ ఆడతాయి. ఈ మాలముద్‌కి మన దేశంతోనూ సంబంధం ఉంది. మన బీఐఎస్ ప్రమాణాల పుస్తకాలు జనానికి ఉచితంగా దొరకాలని నెట్‌లో పెట్టి, ఆ విషయం మీద ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో హింద్ స్వరాజ్ పేరుతో ఆయన పెట్టిన సేకరణలో గాంధీ గారి ఆకాశవాణి ప్రసంగాలు వినొచ్చు. గొంతుని అందరికీ తెరిచి ఉంచాలన్న పట్టుదల ఆయనకి మొదటి నుంచీ ఉన్నదే.

ఇక మలుపు. 1995 ఏప్రిల్లో సియాటిల్ నగరంలో ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ అనే కంపెనీ రియల్ ఆడియో తెచ్చింది. దాని యజమాని రాబ్ గ్లేజర్, మైక్రోసాఫ్ట్ నుంచి బయటకి వచ్చినవాడు. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది అదే ఏడాది ఆగస్టు 15న. అంటే మనకి నెట్ వచ్చేసరికే ఇది ఉంది. ఆ సెప్టెంబరు 5న సియాటిల్, న్యూయార్క్ జట్ల బేస్‌బాల్ ఆటని రేడియో వ్యాఖ్యానంతో నెట్‌లో ప్రత్యక్షంగా వినిపించారు.

ఏం మారింది? రెండు మారాయి. ఒకటి, మొత్తం ఫైలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. బిందెలతో మోసి తొట్టి నిండాక పారించడం కాదు, కాలువ వదిలిన వెంటనే మడి తడవడం మొదలైనట్టు. మధ్యలో నీరు ఆగితే ఇబ్బంది లేకుండా ముందు కొంచెం నిలవ పెట్టుకుంటుంది. బఫరింగ్ అని తిట్టుకుంటాం కదా, అదే.

రెండోది అసలైనది. అరగంట ఏయూ ఫైలు 14.4 ఎంబీ అని చెప్పాను. మొదటి రియల్ ఆడియోలో అదే అరగంట సుమారు 1.8 ఎంబీ. ఎనిమిదో వంతు! ఎలా? అమెరికా సెల్‌ఫోన్ల కోసం కనిపెట్టిన పద్ధతి తెచ్చి వాడారు. అది అలని కొలవదు. గొంతుని వర్ణిస్తుంది. నోరు ఇప్పుడు ఏ ఆకారంలో ఉంది, గొంతు ఏ స్థాయిలో మోగుతోంది, మిగిలిన చప్పుడు మన దగ్గరున్న జాబితాలో ఎన్నో నంబరు దానికి దగ్గరగా ఉంది, ఇవే పంపుతుంది. అవతల వినిపించే ప్రోగ్రాములో ఆ జాబితా ఉంటుంది. నంబరు చూసి అక్కడ మళ్లీ గొంతు తయారు చేస్తుంది.

ఇక్కడ కాస్త ఆగండి. వీఓసీ ఫైలు గానీ, ఏయూ ఫైలు గానీ తలభాగం చెడిపోయినా, తెలిసినవాడు అటూ ఇటూ వేగం మార్చి చూసి గొంతు పట్టేయొచ్చు. ఎందుకంటే లోపల ఉన్నది నిజమైన అల. కుదించినదైనా పూర్వపు అలకి తేడాలే. కొత్త ఫైలు అలా కాదు. లోపల ఉన్నది నంబర్లు. జాబితా లేకపోతే ఎంత ఊహించినా రాదు. రేషన్ కార్డు నంబరు చూసి మనిషి ముఖం చెప్పమన్నట్టు ఉంటుంది. ఫైలు ఎంత చిన్నదైందో, గొంతు అంతమేరకు ఫైల్లోంచి బయటకి వచ్చి ప్రోగ్రాములోకి వెళ్లిపోయింది. ఆడ్‌లిబ్ దగ్గర గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, చిప్పు ఉంటేనే పాట అని. తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాం. కాకపోతే ఈసారి పాట కాదు, మనిషి గొంతు.

ఆ పద్ధతి మాటకి తప్ప పాటకి పనికిరాదు. అది మనిషి నోటి కోసం కట్టింది. మృదంగం, వీణ దాని జాబితాలో లేవు. నీళ్లల్లో ముంచి వాయించినట్టు ఉండేది. అందుకని రియల్ కంపెనీ ఏడాదికో రెండేళ్లకో కొత్త పద్ధతి తెచ్చింది. ఫైలు పేరు చివర మాత్రం అవే అక్షరాలు, లోపల సరుకు వేరు. బస్తా మీద సోనామసూరి అని ముద్ర ఉంటుంది, విప్పితే ఇంకోటి. వేవ్‌లో కూడా ఈ తంతు ఉంది. విండోస్ 95 నాటి కొన్ని వేవ్ ఫైళ్లలో ట్రూస్పీచ్ అనే కుదింపు ఉంటుంది, పైకి అన్నీ వేవే.

1997లో కంపెనీ పేరు రియల్ నెట్‌వర్క్స్ అయింది. అప్పటికి రేడియో, నెట్ కలిసిన చోటల్లా వాళ్లదే రాజ్యం. బీబీసీ లాంటి పెద్ద సంస్థ కూడా ఏళ్ల తరబడి దాంట్లోనే వినిపించింది. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలు రాగా లాంటి సైట్లలో ఘంటసాల, బాలు పాటలు విన్నది రియల్ ప్లేయర్‌లోనే. ఊరు వదిలి వెళ్లినవాళ్లకి తెల్లవారుజామున ఆ గరగర పాటే ఊరు.

ఇప్పుడు నష్టం ఎక్కడ జరిగిందో చెబుతాను. రియల్ ఆడియోలో రెండు రకాల ఫైళ్లు ఉండేవి. ఆర్ఏ అని ఉంటే అందులో గొంతు ఉంది. ఆర్ఏఎం అని ఉంటే అందులో గొంతు లేదు. ఒక్క అడ్రసు ఉంటుంది, అంతే. అసలు పాట ఫలానా సర్వర్‌లో ఉంది, అక్కడికి వెళ్లి విను అని రాసిన చీటీ. సైట్లో లింకు నొక్కితే చాలాసార్లు దిగేది ఆ చీటీయే. వంద బైట్లు కూడా ఉండదు. జనం దాన్నే పాట అనుకుని ఫ్లాపీల్లో, సీడీల్లో భద్రంగా దాచుకున్నారు. నొక్కితే పాట వస్తోంది కదా మరి. ఆ సర్వర్ మూతపడిన రోజున ఇంట్లో మిగిలింది ఇల్లు కూల్చేసిన వీధి అడ్రసు. ఆ రకం ఫైళ్లని ఏ నిపుణుడూ బతికించలేడు, లోపల ఏమీ లేదు కనక.

సరే, ప్రసారాన్నే పట్టి దాచుకుందాం అంటే? స్ట్రీమ్‌బాక్స్ అనే కంపెనీ అదే చేసే ప్రోగ్రాము తెచ్చింది. రియల్ నెట్‌వర్క్స్ కోర్టుకి వెళ్లింది. 2000 జనవరిలో సియాటిల్ కోర్టు ఆ ప్రోగ్రాము అమ్మొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పాట తయారు చేసినవాడి హక్కు కాపాడాలన్న వాదన ఉంది, అది కొట్టిపారేసేది కాదు. కానీ ఆ తాళం పాటకీ పడింది, ఎవరి వ్యాపారానికీ అడ్డురాని మామూలు మాటలకీ పడింది. నా మటుకు నాకు ఆ రెండోది అన్యాయమనే అనిపిస్తుంది.

తర్వాత లైన్లు వెడల్పయ్యాయి, ఎమ్‌పీ3 వచ్చింది. ఎమ్‌పీ3 కూడా కుదింపే, దానికీ పేటెంట్లు ఉండేవి. కానీ దాన్ని ఎలా చదవాలో ప్రమాణంగా అచ్చువేసి ఉంచారు. ఎవడైనా ప్రోగ్రాము రాసుకోవచ్చు. 2017లో లైసెన్సు వసూళ్లు కూడా ఆగిపోయాయి. రియల్ ప్లేయర్ నెమ్మదిగా కంప్యూటర్లలోంచి మాయమైంది. దాంతోపాటే ఆ ఫైళ్లకి నోరు పోయింది.

వాటిని బతికించింది కంపెనీ కాదు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రాన్స్ ఆయన మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దానికి పనిచేసే స్వచ్ఛంద మనుషులు రియల్ ప్లేయర్ లోపలి పనితనాన్ని విప్పి చూసి, ఆ జాబితాలు ఏమిటో, ఏ నంబరుకి ఏ చప్పుడో తేల్చి తిరిగి రాశారు. మాన్యువల్ లేని ఇంజనుని నట్టు నట్టు విప్పి తిరిగి బిగించడం లాంటి పని. జీతం లేదు. మనం వాడే వీఎల్‌సీ ప్లేయర్ కూడా వాళ్ల పని మీదే చాలావరకు ఆధారపడుతుంది. ఇవాళ ఆర్ఏ ఫైలు వినపడుతోందంటే, వీఓసీ ఫైలు వినపడుతోందంటే వాళ్ల చలవ.

ఇదంతా అమెరికా, సింగపూర్ గోల, మనకెందుకు అంటారా? మన కీప్యాడ్ ఫోన్లు గుర్తున్నాయా? వాటిలో గొంతు రికార్డు చేస్తే వచ్చే ఫైలు చాలావాటిల్లో ఏఎమ్ఆర్. 1999లో సెల్‌ఫోన్ల కోసం ఖాయం చేసిన పద్ధతి. మొదటి రియల్ ఆడియో లాగే ఇదీ నోటి ఆకారాన్ని వర్ణించే రకమే, అలని దాచే రకం కాదు. సెకనుకి 50 ముక్కలు. బాగా నాణ్యతగా పెట్టినా నిమిషానికి 96 కేబీ. మీ తాత గొంతు మీ దగ్గర ఉంటే, బహుశా ఈ రూపంలోనే ఉంది.

మంచి విషయం ఏమిటంటే ఏఎమ్ఆర్ వివరాలు అచ్చయి ఉన్నాయి, వీఎల్‌సీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ రెండూ దాన్ని చదువుతాయి. వాట్సాప్‌లో మనం పంపుకునే వాయిస్ మెసేజిలు ఓపస్ అనే పద్ధతివి. 2012లో ప్రమాణంగా వచ్చింది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కాబట్టి ఆ రెండింటి గళ్ల పేర్లూ పోయే భయం ఇప్పట్లో లేదు. భయం ఫోనుతోనే. మెమరీ కార్డు ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉంటే లోపలి అంకెలు మెల్లగా చెదురుతాయి. ఇంట్లో రాసుకున్న సీడీ మీద రంగు పొర పాడవుతుంది. అప్పుడు ఫార్మాట్ తెలిసినా లాభం లేదు.

కాబట్టి ఈ వారం ఆ సొరుగు తెరిచినవాళ్లకి నాలుగు మాటలు. ముందు ఫైలుని ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లోకి కాపీ చేయండి, తెరుచుకోకపోయినా సరే. పేరు చివరి అక్షరాలు మార్చకండి, మారిస్తే బస్తా మీద ముద్ర మారుతుంది గానీ సరుకు మారదు. సైజు చూడండి. వంద రెండొందల బైట్లు మాత్రమే ఉంటే అది అడ్రసు చీటీ కావచ్చు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలిసిపోతుంది. కేబీల్లో, ఎంబీల్లో ఉంటే గొంతు ఉండే అవకాశం ఎక్కువ, వీఎల్‌సీలో ప్రయత్నించండి. వినపడితే దాన్ని వేవ్‌గా మార్చి ఇంకో కాపీ దాచండి. పాతదాన్ని మాత్రం చెరపకండి, రేపు ఇంకా మెరుగ్గా చదివే ప్రోగ్రాము రావచ్చు. ఫైలు పేరులోనే ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని రాయండి. వీఓసీ వాళ్లు దానికోసం ప్రత్యేకంగా ముక్క పెట్టినా వాడినవాళ్లు అరుదు.

మార్చాక సైజు చూసి కంగారు పడొద్దు. నిమిషానికి 96 కేబీ ఉన్న ఏఎమ్ఆర్ ఫైలు వేవ్ అయ్యాక 960 కేబీ అవుతుంది. సరిగ్గా పదింతలు. అందులో కొత్తగా చేరిన గొంతు ఏమీ ఉండదు, ప్రోగ్రాములో ఉన్నది ఫైల్లోకి తిరిగి వచ్చిందంతే.